నలుగురూ చూడని పరుగు

"ఏవండీ మాస్టారూ, ఎవరన్నా తరుంకొస్తన్నారా ఏంటి?"

రాజమండ్రి పుష్కరాల రేవు దగ్గర టీ కొట్టాయన అడిగిన మాట ఇది. తెల్లవారుజాము ఐదింటికి, ఆయన స్టవ్ మీద పాలు ఇంకా పొంగకముందు. నేను ఒగరుస్తూ ఆగాను. "లేదండీ, ఊరికే" అన్నాను. "ఊరికే పరిగెడతారేంటండీ బాబూ!" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. గోదావరి జిల్లా మనిషి మాటలో వెటకారం లేదంటే మీరు నమ్మరు గానీ, ఆ పూట లేదు. చేతిలో గరిటె పట్టుకుని నా జవాబు కోసం ఎదురు చూశాడు. నా దగ్గర జవాబు లేదు. టీ తాగి వచ్చేశాను.

ఆ "ఊరికే" మాత్రం నాతో ఇంటిదాకా వచ్చింది. మన భాషలో అది గమ్మత్తైన మాట. డబ్బివ్వకుండా వచ్చేదాన్ని ఊరికే వచ్చింది అంటాం, ఫలం ఆశించకుండా చేసేదాన్ని ఊరికే చేశాను అంటాం, కారణం చెప్పడం ఇష్టం లేకపోయినా ఊరికే అనేస్తాం. నేను ఆ రోజు ఏ అర్థంలో అన్నానో నాకే తెలియదు.

మూడేళ్ల క్రితం దాకా ఈ ప్రశ్న పుట్టలేదు. మేం ముగ్గురం. గోదావరి గట్టు మీద కలిసి పరుగెత్తేవాళ్లం. నాలుగున్నరకు వీధి చివర స్కూటర్ హారన్ మోగేది. దుప్పటి తన్ని లేవడానికి ఆ హారన్ చాలు. బయటికి రాకపోతే వాళ్లు రోజంతా ఏడిపిస్తారన్న భయం అదనం. తర్వాత ఒకాయనకు మోకాలు అరిగింది. రెండో ఆయన మనవడు పుట్టాడని హైదరాబాద్ వెళ్లాడు. రెండు నెలల్లో వస్తానన్నాడు, మనవడికి ఇప్పుడు రెండేళ్లు. నేనొక్కణ్ణే మిగిలాను. నాకు యాభై నాలుగు, షుగర్ అంచున ఉన్నానని డాక్టరు చెప్పి ఊరుకున్నాడు. అలారం మోగుతుంది, నేను దాని నోరు నొక్కేస్తాను, మళ్లీ పడుకుంటాను. అలారానికి నన్ను ఏడిపించడం చేతకాదు.

మోటివేషన్ పోయింది అని మిత్రుడికి ఫోన్లో చెప్పుకున్నాను. అది ఏదో డబ్బాలో పోసి పెట్టుకున్న బెల్లంలా, అడుగంటిందన్నట్టు. ఆయన ఒక యాప్ పేరు చెప్పాడు. ఎంత దూరం పరుగెత్తావో, ఎంతసేపు పట్టిందో, నిన్నటికంటే మెరుగో కాదో అన్నీ అదే రాసిపెడుతుందట. వేయించుకున్నాను. పని చేసింది కూడా. రాత్రి పడుకునే ముందు ఆ వారం అంకెలు చూసుకుని మురిసిపోవడం అలవాటైంది.

ఒక రోజు కోటిలింగాల రేవు దాటాక ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. అప్పుడు నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వెనక్కి తిరిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. కాళ్లు బాగానే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. నదిమీద నుంచి చల్లగాలి వస్తోంది. ఆగాల్సిన కారణం ఒక్కటీ లేదు, లెక్కలోకి రాని పరుగు ఎందుకు అనిపించడం తప్ప.

చిన్నప్పుడు మా నాయనమ్మ చిత్రగుప్తుడి చిట్టా గురించి చెప్పేది. వంటింట్లో చెంచాడు పంచదార దొంగిలించి నోట్లో వేసుకున్నా అందులో ఎక్కుతుందట. మంచి పని చేసినా ఎక్కుతుంది గానీ, ఆవిడ ఎప్పుడూ పంచదార సంగతే ఎత్తేది. నేను దేవుణ్ణి నమ్మడం మానేసి ముప్పై ఏళ్లు దాటింది. ఎవరైనా అడిగితే కాస్త గర్వంగానే చెబుతాను. తీరా చూస్తే దేవుణ్ణి వదిలాను గానీ చిట్టా రాసే గుమాస్తాను వదల్లేదు. ఛార్జింగ్ పెట్టి మరీ జేబులో మోసుకు తిరుగుతున్నాను.

అంటే నాకు తక్కువైంది ఉత్సాహం కాదేమో, సాక్షి అనుకున్నాను. ఈ అనుమానం రాగానే చాలా విషయాలు వేరేగా కనబడడం మొదలెట్టాయి. బడిలో పీటీ మాస్టారి ఈలకు పరుగెత్తాం. పరీక్షలో ర్యాంకుకు పరుగెత్తాం. ఉద్యోగంలో పై అధికారి కంటికి పరుగెత్తాం. ఇంట్లో ఏ పని చెప్పినా "నలుగురూ ఏమనుకుంటారు" అన్నది ఆఖరి వాదన. ఆ నలుగురు ఎవరో మనం ఎప్పుడూ అడగలేదు. మన తెలుగువాడు పుట్టినప్పటి నుంచీ ఆ నలుగురి ముందే నడుస్తాడు, చివరికి ఆ నలుగురే మోసుకెళతారు. మధ్యలో ఎప్పుడైనా, ఆ నలుగురూ ఇంకా నిద్ర లేవని వేళ, చీకట్లో ఒక్కడే కాలు కదపాల్సి వస్తే ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

పైగా పరుగంటే మన భాషకే అపనమ్మకం. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటుంది సామెత. నేను ఈ సామెతను గౌరవిస్తాను. డబ్బు వెనక, పదవి వెనక ఆయాసపడేవాణ్ణి చూసి అన్నమాట అది. కానీ పాల కోసం కాకుండా పరుగెత్తేవాడి సంగతి దానికి పట్టలేదు. అట్లాంటివాడు ఉంటాడని ఆ సామెత చెప్పినవాళ్లకు తోచి ఉండదు, టీ కొట్టాయనకు తోచనట్టే.

చూసేవాళ్లుంటే మనిషి వేగం పెరుగుతుందన్నది మాత్రం వట్టి ఊహ కాదు. 1898లో అమెరికాలో, ఇండియానా విశ్వవిద్యాలయంలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిల్ పందాల లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. గడియారంతో మాత్రమే పోటీపడి ఒంటరిగా తొక్కేవాళ్లకంటే పక్కన మరొకరు ఉండగా తొక్కేవాళ్లు జోరుగా పోతున్నారని గమనించాడు. సరే చూద్దామని పిల్లల చేత గాలపు రీళ్లు తిప్పించాడు. పక్కన ఇంకొకరుంటే చాలామంది వేగంగా తిప్పారు. కొందరు మాత్రం కంగారుపడి ఉన్న వేగం కూడా పోగొట్టుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ మా గోదావరిలో హేవలాక్ వంతెన స్తంభాలు లేస్తున్నాయి. 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపారు. 56 ఖానాల వంతెన. 1997లో దాన్ని మూసేశారు. ఇప్పుడు దానిమీద రైలు పోదు, అయినా నేను రోజూ దాన్నే గుర్తుపెట్టుకుని దూరం లెక్కేసుకుంటాను.

ట్రిప్లెట్ కథకు ఒక కొనసాగింపు ఉంది. నాకు అదంటే మరీ ఇష్టం, ఎందుకంటే అందులో బొద్దింకలున్నాయి. 1969లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్లూ బొద్దింకలను పరుగెత్తించారు. వెలుతురంటే బొద్దింకకు పడదు కాబట్టి లైటు వేస్తే చీకటివైపు పరుగుతీస్తుంది. ఒక దారి సూటిగా ఉంటుంది. ఇంకోదాంట్లో మలుపు ఉంటుంది, సరైన పక్కకు తిరిగితేనే చీకటి దొరుకుతుంది. దారి పక్కన పారదర్శకమైన పెట్టెల్లో ఇంకొన్ని బొద్దింకలను ప్రేక్షకులుగా కూర్చోబెట్టారు. సూటి దారిలో, ప్రేక్షకులున్నప్పుడు బొద్దింక మరింత జోరుగా పరుగెత్తింది. మలుపున్న దారిలో ప్రేక్షకులుంటే తడబడి, ఒంటరిగా ఉన్నప్పటికంటే ఆలస్యంగా చేరింది.

మనిషి బొద్దింక కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ ప్రయోగం చదివిన రోజు నేను చాలాసేపు నవ్వాను, ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ముగ్గురం పరుగెత్తిన నాలుగేళ్లలో నేను వాళ్ల అడుగులో అడుగు వేశాను. నా కుడి మడమ ఎడమదానికంటే బలంగా పడుతుందని నాకు తెలియలేదు. మూడో కిలోమీటరు దగ్గర నా ఊపిరి ఎందుకు చెదురుతుందో తెలియలేదు. ఆయాసమొస్తే ఆగడానికి మొహమాటం, ఆగకపోతే నొప్పి. ఒంటరిగా అయ్యాకే మెల్లగా పరుగెత్తడం నేర్చుకున్నాను. అది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. నా పక్కనుంచి ముసలాయన ఒకరు వేగంగా నడుచుకుంటూ నన్ను దాటిపోయేంత మెల్లగా పరుగెత్తాలి. నలుగురి ముందు నావల్ల అయ్యేది కాదది. తెలిసిన పనిలో ప్రేక్షకులు సాయం, నేర్చుకునే పనిలో అడ్డం. అయితే మన జీవితంలో ఏ పనులు సూటిదారివి, ఏవి మలుపున్నవి? పెళ్లిని అందరి ముందూ చేసుకుంటాం, కాపురం మాత్రం తలుపులేసుకుని నేర్చుకుంటాం. పిల్లల చదువును మనం ఇంకా సూటిదారిలోనే పెట్టి, గోడకు ర్యాంకుల జాబితా అంటించి, చుట్టూ ప్రేక్షకులను కూర్చోబెడుతున్నామే, అది సరైనదేనా? ఈ ప్రశ్నకు నాకు ఒక అభిప్రాయం ఉంది గానీ, దాన్ని విప్పితే ఇవాళ్టి పరుగు దారి తప్పుతుంది.

ప్లేటో 'రిపబ్లిక్'లో ఒక ఉంగరం కథ వస్తుంది. గైజీస్ అనే గొర్రెలకాపరికి ఒక ఉంగరం దొరుకుతుంది. దాని రాయిని లోపలికి తిప్పితే మనిషి మాయమైపోతాడు. ఇంకేముంది, రాణిని లోబరుచుకుని రాజును చంపి సింహాసనం ఎక్కుతాడు. ఎవరూ చూడరని తెలిస్తే ఎవడైనా మంచివాడుగా ఉంటాడా అని అక్కడ వాదన. రెండు వేల ఏళ్లకు పైగా తత్వవేత్తలు ఈ ప్రశ్నను నమిలారు. నాకు దీని రెండో పక్క మీద ఆసక్తి. ఎవరూ చూడకపోతే చెడ్డ పని చేస్తామా అన్నది వాళ్ల బెంగ. ఎవరూ చూడకపోతే మంచి పని మానేస్తామా అన్నది నా బెంగ. నేను దొంగను కాలేదు, హంతకుణ్ణీ కాలేదు. ఫోన్ ఆగిపోతే పరుగు ఆపేసిన మనిషిని. నావంటివాళ్లే ఎక్కువ ఉంటారని నా అనుమానం.

ఇక్కడ ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నా ప్రశ్న కడుపు నిండినవాడి ప్రశ్న. నేను బూట్లు కట్టుకునే వేళకు మునిసిపాలిటీ వాళ్లు వీధి సగం ఊడ్చేసి ఉంటారు. పేపర్ కుర్రాళ్లు సైకిల్ మీద కట్టలు సర్దుకుంటూ ఉంటారు. కడియపులంక మార్కెట్ నుంచి వచ్చిన బంతిపూల మూటలు ఆటోల్లోంచి దిగుతుంటాయి. వాళ్లలో ఎవర్నయినా ఆపి "మీకు పొద్దున్నే మోటివేషన్ ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అని అడిగే ధైర్యం నాకు లేదు. అడిగితే టీ కొట్టాయన కంటే ఎక్కువ ఆశ్చర్యపోతారు. పని మానితే పూట గడవదు. అవసరం తరుముతున్నవాడికి ఊపు గురించి ఆలోచించే తీరిక ఉండదు. ఆ లెక్కన ఒంటరి పరుగు ఒక విలాసం. అక్కడితో ఈ వ్యాసం ఆపేసి ఉండేవాణ్ణి, ఒక పడవ కనబడకపోతే.

ఇసుక పడవ అది. మనిషి బకెట్టు పట్టుకుని మునుగుతాడు, అడుగునుంచి ఇసుక తోడుకుని పైకొస్తాడు, పడవలో వంచుతాడు, మళ్లీ మునుగుతాడు. నేను ఆ రోజు కాలు పట్టేసి మెట్లమీద కూర్చున్నాను కాబట్టి చూశాను. పడవ నిండాక ఒడ్డుకు తెచ్చారు. మిగతావాళ్లు దిగి బీడీలు ముట్టించారు. ఒకాయన మాత్రం దిగలేదు. పడవ ముక్కు దగ్గర కూర్చుని, అరచేత్తో నీళ్లు తీసి, చెక్కమీద అంటుకున్న బురదను కడగడం మొదలెట్టాడు. వేళ్లతో తుడిచాడు, మళ్లీ నీళ్లు చల్లాడు. అక్కడ ఎప్పుడో పెట్టిన పసుపు, దానిమీద వెలిసిపోయిన కుంకుమ బొట్టు బయటపడేదాకా కడిగాడు. గంటలో ఆ పడవ మళ్లీ నదిలోకి పోతుంది, మళ్లీ బురదౌతుంది. ఇసుక ఎంతకు అమ్ముడైనా ఆ బొట్టు కడిగినందుకు ఆయనకు ఎవరూ పైసా ఇవ్వరు. ఆయన నావైపు చూడనే లేదు.

పేదవాడికి అవసరం మాత్రమే ఉంటుందనుకోవడం నాలాంటివాళ్ల అహంకారం. ఆయన చేసింది "ఊరికే" చేయడం. నేను పదినిమిషాలు వ్యాయామం చేసి పదిమందికి చూపించుకునేదానికంటే అసలైన ఊరికే.

మా ఊళ్లో ఇలాంటి పని ఒకటి చరిత్రకెక్కింది, దాదాపు పొరపాటున. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. తేదీ పుస్తకాల్లో ఉంది, పంతులుగారి విగ్రహం కూడలిలో ఉంది. ఆ పెళ్లిళ్ల రోజుల్లో ఊరు ఆయన్ని వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, వచ్చినవాళ్లకు వండిపెట్టారు. నేను పరుగెత్తే గట్టు మీద నిలబడి ఆ బిందె బరువును ఊహించుకోవడానికి ప్రయత్నిస్తుంటాను. నిండు బిందె చంకన పెట్టుకుని రేవు మెట్లెక్కడం, వీధిలో తలుపు సందుల్లోంచి చూసే కళ్ల మధ్య నడవడం, ఇంటికెళ్లి కుమ్మరించి మళ్లీ ఖాళీ బిందెతో రావడం. సభలో ఉపన్యాసం ఇస్తే కనీసం తిట్టడానికైనా జనం ఉంటారు. ఐదో బిందెకు ఎవరుంటారు? ఆవిడకు ఆ ఐదో బిందె దగ్గర ఏమనిపించిందో మనకు తెలియదు. ఆవిడ మోసిన సంగతి తెలిసిందే భర్త తన జీవితం రాసుకున్నారు కాబట్టి. రాయని భర్తల ఇళ్లలో ఎన్ని బిందెలో.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరా ఇదే ఆలోచన వస్తుంది. 1847లో మొదలై 1852కు పూర్తయింది. కట్టించిన కాటన్ దొర పేరు మన జిల్లాల్లో ఊరూరా విగ్రహమైంది, ఆయన దానికి అర్హుడే. రాళ్లు మోసిన వేలమంది పేర్లు మనకు అందలేదు. డెల్టాలో వరి పండుతూనే ఉంది. చిట్టాలో ఎక్కకపోతే పని జరగనట్టేనా అని ఫోన్ ఆగిన రోజు నన్ను నేను అడిగి ఉంటే, జవాబు ఇక్కడే, కాలువల్లోనే పారుతోంది.

అయితే చూసే కళ్లన్నీ ఒకటి కావు. వరంగల్ జిల్లా కల్లెడ అనే ఊళ్లో జీవాంజి దీప్తి అనే అమ్మాయి పుట్టింది. మేధో వైకల్యం ఉంది. తల్లిదండ్రులు కూలీలు. ఊళ్లో కొందరు ఆ పిల్లను పిచ్చిదని, కోతి అని వెక్కిరించారు. అనాథాశ్రమంలో వదిలేయమని కన్నవాళ్లకు సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. వీళ్లూ నలుగురే. తర్వాత నాగపురి రమేష్ అనే కోచ్ కంటపడింది. అదీ ఒక చూపే, కానీ వేరే చూపు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ఆమె 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకం వచ్చాక కల్లెడలో సంబరాలు జరిగాయి. నాకు ఆ సంబరాల మీద కోపం లేదు. కానీ మనిషికి సాక్షి కావాలి అని నేను ఇందాక అనుకున్న మాటను ఇక్కడ కాస్త సవరించుకోవాలి. కొన్ని చూపులు మనిషిని నిలబెడతాయి, కొన్ని చూపులు కాళ్లు విరగ్గొడతాయి. ఎవరి చూపు ముందు పరుగెత్తాలో ఎంచుకునే వీలు అందరికీ ఉండదు.

ఆ వీలు నాకుంది. దానికి విలువ ఎంతో మా అమ్మాయి చెప్పింది. సెలవులకు వచ్చినప్పుడు "నాన్నా, ఒంటరిగా పరుగెత్తడం కష్టమని తెగ రాస్తున్నావు కదా. నేను ఒంటరిగా పరుగెత్తితే నాకు బద్ధకం సమస్య కాదు" అంది. నిజమే. మగవాడికి ఒంటరితనం ఒక తాత్విక సమస్య. ఆడపిల్లకు అది గట్టు మీద లైట్లు వెలుగుతున్నాయా లేదా అన్న సమస్య, వెనక వచ్చే బైకు నెమ్మదించిందెందుకు అన్న సమస్య. మగవాడు ఒక్కడే వెళితే ఒక్కడే వెళ్లాడంటాం. ఆడమనిషి వెళితే "ఒంటరిగా వెళ్లింది" అంటాం, ఆ మాటలోనే సగం నింద ఉంటుంది. నాకు చూసేవాళ్లు లేరని దిగులు. తనకు చూసేవాళ్లు మరీ ఎక్కువయ్యారని. ఒకే గట్టు, ఒకే నది, నాన్నాకూతుళ్లకు రెండు దారులు. ఒక పొద్దున ఇద్దరం కలిసి వెళ్లాం. ఆమె నాకంటే చాలా వేగంగా ముందుకు పోయింది. ఆమె వెనక నేనున్నానన్న ధీమాతో పోయిందని అర్థమయ్యాక, ఆ వేగం చూసి ఎంత మురిశానో అంత బాధపడ్డాను.

గుంపు మాత్రం రక్షణేనా అంటే అదీ చెప్పలేను. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజు, టీ కొట్టున్న ఇదే రేవులో తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. అంతమంది మధ్య, అంతమంది చూస్తుండగా. ఆ గేటు దాటేటప్పుడు నేను ఇప్పటికీ నడుస్తాను, పరుగెత్తను.

మరి రోజూ ఎలా లేస్తున్నావయ్యా అని అడిగితే, చెప్పుకోదగ్గ రహస్యమేమీ లేదు. ఊపు వచ్చాక బయల్దేరదామని కూర్చుంటే అది రాదు. బయల్దేరిన పది నిమిషాలకు అదే వచ్చి కలుస్తుంది, ఆలస్యంగా వచ్చే స్నేహితుడిలా. మొదటి కిలోమీటరు ఒళ్లంతా ఫిర్యాదులే. మోకాలు ఒకటంటుంది, పొట్ట ఒకటంటుంది, నిన్న రాత్రి తిన్న పులస ముక్క ఇంకొకటంటుంది. వాటితో వాదించను, విన్నానని ఊకొడతాను. హేవలాక్ వంతెన దాకా వెళ్లి అప్పుడు ఆలోచిద్దాం అనుకుంటాను. వంతెన దగ్గర ఎప్పుడూ ఆలోచించలేదు. చెమట పట్టాక గాలి తగిలితే ఒళ్లంతా ఒక్కసారి తేలికవుతుంది. రెండు కాళ్లూ నావి కానట్టు, ఎవరో అరువిచ్చినట్టు ఆడతాయి. అది మూడు నాలుగు నిమిషాలే ఉంటుంది. కొన్ని రోజులు అసలు రాదు. రానిరోజు కూడా ఇంటికి తిరిగొచ్చాక ఏదో ఒకటి పూర్తిచేసిన మనిషిలానే ఉంటాను. మానేసిన రోజులూ ఉన్నాయి, వారానికి రెండు తప్పవు. ఆ రోజుల్లో నన్ను నేను పీటీ మాస్టారిలా తిట్టుకోవడం మానేశాను. నాకు సాక్షిగా నేనే ఉండాల్సి వస్తే, కాస్త దయగల సాక్షిని పెట్టుకుంటే ఏం పోయింది?

ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళుతున్నాను. టీ కొట్టాయన ఇప్పుడు ప్రశ్న అడగడం లేదు, నేను కనబడగానే గ్లాసు కడుగుతాడు. మొన్న నేను రెండు రోజులు వెళ్లకపోతే "ఒంట్లో బాలేదాండీ?" అన్నాడు. నన్ను ఎవరూ చూడటం లేదనుకున్నానా, ఆయన లెక్కపెడుతూనే ఉన్నాడు.

ఈమధ్య గట్టు మీద ఒకరిద్దరు ఆడపిల్లలు కూడా కనబడుతున్నారు, ఒక్కొక్కరే, జడ గట్టిగా ముడేసుకుని, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా, వెనకాల చప్పుడు వినబడాలని. రాజమండ్రి వాళ్లయినా, ఇంకే ఊరివాళ్లయినా మీకు నాదొక మనవి. అట్లా ఒక అమ్మాయి ఎదురైతే తేరిపార చూడకండి, బైకు నెమ్మదించకండి, మెచ్చుకోలుగా కేకలు కూడా వేయకండి. కుక్క ఏదైనా వెంటపడితే అదిలించండి. కాస్త పక్కకు జరిగి దారివ్వండి, చాలు.